చెరకు బాటలో బగ్గీ సవారీ

బగ్గీ అనగానే మనకు గుర్రమే గుర్తొస్తుంది. మెడలో మువ్వలు, నెత్తిన కుచ్చు, వెనక బండిలో తలపాగా సర్దుకుంటూ పెళ్లికొడుకు... మారిషస్‌లో ఆ మాట వినబడితే మాత్రం ఈ బొమ్మంతా చెరిపేసుకోవాలి. అక్కడి బగ్గీకి తలుపులుండవు. చాలావాటికి ముందు అద్దమూ ఉండదు. నాలుగు లావుపాటి చక్రాలు, ఇనుప గొట్టాలతో అల్లిన పంజరం, అందులో పక్కపక్కనే రెండు సీట్లు, వాటి వెనక గాండ్రించే ఇంజిను... అంతే! నున్నటి రోడ్డున్న చోట దానికి పనిలేదు. రాళ్లూ గుంతలూ వాగులూ ఉన్నచోటే దాని ప్రతాపం.

నీలి సముద్రం, తెల్లటి ఇసుక, కొబ్బరాకుల గొడుగు కింద రెండు వాలు కుర్చీలు... పర్యాటక సంస్థల కరపత్రాల్లో మారిషస్ అంటే ఇంతే. కొత్తగా పెళ్లయిన జంటలకు మొదటి రెండ్రోజులూ అది చాలు కూడా. మూడోనాటికి పడమటి కొసన సూర్యాస్తమయం అయిపోతుంది, అద్దాల అడుగున్న పడవలో చేపల్ని చూడటం అయిపోతుంది, వీపు మీద ఎండ చురుక్కుమంటుంది. అప్పుడు హోటల్ బల్ల దగ్గర కనిపిస్తుంది ఆ కాగితం. బురద కొట్టుకుపోయిన రెండు మొహాలు, వాటి మీద పళ్లన్నీ కనిపించే నవ్వు. కింద, 'బగ్గీ సఫారీ'. అలా అనుకోకుండా సముద్రానికి వీపు పెట్టి దీవి లోపలికి బయల్దేరిన వాళ్లకే అసలు మారిషస్ ఎదురవుతుంది.

ప్రధాన దీవి విస్తీర్ణం 1,865 చదరపు కిలోమీటర్లు. నిప్పులు కక్కిన కొండ నుంచి పుట్టిన నేల. నడుమ పీఠభూమి, దాని చుట్టూ అంచులు విరిగిన గిన్నెలా కొండలు. అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం 828 మీటర్లు. పేరు పితోన్ ద లా పెతీత్ రివియేర్ న్వార్. ఎక్కేటప్పటి సంగతి తర్వాత, ముందు పేరు పలికేసరికే ఆయాసం వస్తుంది! ఈ కొండలకూ సముద్రానికీ మధ్య ఉన్న వాలు నేలల్లోనే బగ్గీల రాజ్యం.

దక్షిణాన షమునీ ఊరి దగ్గర వాలీ దె కులూర్ అనే ఉద్యానం ఉంది. 'రంగుల లోయ' అని అర్థం. ఇరవై మూడు రంగుల మట్టి ఉందని చెప్పుకునే చోటు. అక్కడినుంచి బగ్గీలు జలపాతాల వైపు దిగుతాయి. నైరుతిన బెల్ ఓంబ్ర్ ఎస్టేట్. తీరంలో హోటళ్లు, గోల్ఫ్ మైదానం, వాటి వెనక కొండల దాకా పరుచుకున్న చెరకు, అడవి. పడమట కసేలా పార్కులోనైతే జీబ్రాలు, ఉష్ట్రపక్షులు తిరిగే మైదానంలోంచి బండి పోతుంది. తూర్పున ఎత్వాల్ ఎస్టేట్‌లోని కొండలోయల్లో లేళ్ల మందలు కనిపిస్తాయి. ఎటు వెళ్లినా సవారీ సాధారణంగా గంట నుంచి రెండు గంటలు. అనుభవం కావాలనుకుంటే దక్షిణం, పిల్లల్ని మురిపించాలంటే పడమర. రెండింటికీ పోటీ పెడితే మాత్రం దక్షిణానికే ఓటెయ్యాలి. జీబ్రాలు ఆఫ్రికా నుంచి తెచ్చినవి. దక్షిణాన కనిపించే కొండలూ వాగులూ అచ్చంగా ఆ నేలవే.

స్కూటీ నడిపినవాళ్లకు సులువే

ముందు ఓ కాగితం మీద సంతకం పెట్టమంటారు. 'ఏం జరిగినా బాధ్యత నాదే, బండికి దెబ్బ తగిలితే ఖర్చూ నాదే' అన్నది దాని సారాంశం. చాలామంది చదవకుండానే గీకేస్తారు. చదవాలి. బండికి నష్టం జరిగితే ఎంతవరకూ కట్టాలో అందులోనే ఉంటుంది మరి. స్టీరింగ్ పట్టాలంటే పద్దెనిమిదేళ్లు నిండాలి, చాలాచోట్ల డ్రైవింగ్ లైసెన్సూ చూపించాలి. గర్భిణులను, నడుంనొప్పి ఉన్నవాళ్లను ఎక్కనివ్వరు.

తర్వాత హెల్మెట్, కళ్లజోడు, పాఠం. గేర్లు మార్చే బెడద లేదు. మన స్కూటీల్లో ఉన్నట్టే ఇందులోనూ బెల్టు మీద నడిచే ఏర్పాటే. యాక్సిలరేటరు తొక్కితే పోతుంది, బ్రేకు తొక్కితే ఆగుతుంది. మారిషస్‌లోనూ మనలాగే ఎడమ పక్కనే నడపాలి కాబట్టి ఆ తికమకా లేదు. టైర్లలో గాలి మామూలు కారులో ఉండేదాంట్లో సగం కూడా ఉండదు. అదే దాని కిటుకు. మెత్తటి టైరు రాయి మీదికెక్కినప్పుడు దాని ఆకారానికి అణిగి పట్టుకుంటుంది. ఒక్కో చక్రం దేనికదే పైకీ కిందికీ ఆడుతుంది. ఎడమ చక్రం గుంతలో, కుడి చక్రం బండ మీద ఉన్నా లోపలున్న మనిషి సీట్లోంచి జారిపోడు. నడుమును, భుజాలను కలిపి బిగించే బెల్టు ఎలాగూ ఉంది.

ఇక గైడు చెప్పే మాటల్లో ఒక్కటి మాత్రం చెవిన పెట్టుకు తీరాలి. చేతులు బయటికి చాపకూడదు. బండి పక్కకి ఒరుగుతోందనిపించగానే నేలను ఆపుదామన్నట్టు చెయ్యి బయటపెట్టడం మనిషి నైజం. ఇలాంటి బళ్లతో వచ్చే పెద్ద గాయాల్లో కొన్ని అలాగే అవుతాయి. ఇనుప పంజరం ఉన్నది బండి దొర్లినా తల నేలకు తగలకుండా. చెయ్యి ఆ పంజరం బయట ఉంటే దానికి రక్ష లేదు. వాలు మీద అడ్డంగా వేగంగా తిప్పొద్దు, ఎక్కేటప్పుడు సగంలో ఆగొద్దు, దిగేటప్పుడు బ్రేకు ఒక్కసారిగా తొక్కొద్దు... మిగతావి బండే నేర్పిస్తుంది.

భార్యాభర్తలు ఎక్కితే స్టీరింగ్ ఎవరిదన్న పంచాయతీ ఎలాగూ తప్పదు. గైడ్లకు అది రోజూ చూసే సినిమాయే. దారి సగంలో ఆగినచోట సీట్లు మార్చుకోమని వాళ్లే తీర్పు చెప్పేస్తారు.

ఎర్రదుమ్ము... ఎర్రబురద

ముందు గైడు బండి, చివర మరొకరు. నడుమ బాతుపిల్లల్లా మిగతా బళ్లు. ముందు బండికి కాస్త దూరం ఉంచమంటారు. ఎందుకో మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. అగ్నిపర్వతపు నల్లరాయి లక్షల ఏళ్లు వానకూ ఎండకూ నలిగి ఎర్రమట్టయింది. ఎండాకాలంలో ఆ మట్టి మైదాపిండంత మెత్తగా లేస్తుంది. కళ్లజోడు మీద, పళ్ల మీద, చెవి మడతల్లో... ఎక్కడ చూసినా అదే. ముందు బండికి దగ్గరగా వెళ్లారో, సవారీ అంతా ఎర్రటి మేఘంలోనే సాగుతుంది.

వాన పడితే కథ మారిపోతుంది. అదే మట్టి సబ్బులా జారుతుంది. స్టీరింగ్ ఒకవైపు తిప్పితే బండి మరోవైపు పోతుంది. కంగారుపడి ఇంకా తిప్పితే ఇంకా పోతుంది. యాక్సిలరేటరు వదిలి, చక్రాల్ని తిన్నగా పెడితే మళ్లీ మాట వింటుంది. గుంతలో నిలిచిన బురదనీళ్ల మీదుగా వెళ్లినప్పుడు చక్రం చిమ్మిన నీళ్లు తిన్నగా ఒళ్లోకే వస్తాయి. పక్క సీట్లోవాళ్ల కేకలు కొండకు తగిలి తిరిగొస్తాయి. గైడు వెనక్కి తిరిగి బొటనవేలు పైకెత్తి 'కొరెక్?' అని అడుగుతాడు. క్రియోల్ భాషలో 'అంతా బాగేనా?' అని. ఆ స్థితిలో జవాబు చెప్పడం కన్నా తలూపడం మేలు. నోరు తెరిస్తే బురదే.

వాగు దాటేటప్పుడు మాత్రం జోరు పనికిరాదు. మెల్లగా, ఆగకుండా, ఒకే తీరుగా పోవాలి. నీళ్లు ఎగసి బెల్టు తడిస్తే అది జారిపోయి, ఇంజిను ఎంత అరిచినా చక్రం కదలదు. అవతలి గట్టెక్కాక దారి ఒక్కసారిగా పైకి లేస్తుంది. సీట్లో వెల్లకిలా పడుకున్నట్టు అవుతుంది, ఎదర ఆకాశం తప్ప ఏమీ కనబడదు. ఆ ఎత్తు దాటి బండి ఆగగానే...

కింద దక్షిణ తీరమంతా పరుచుకుని ఉంటుంది. ముందు చెరకు పచ్చ, తర్వాత కొబ్బరిచెట్ల గీత, లేతనీలం మడుగు, దానికి అవతల పగడపు దిబ్బల మీద విరుగుతున్న అలల తెల్లదారం, ఆ పైన ముదురునీలం సముద్రం. ఇంజిన్లన్నీ ఆపించేస్తారు. చెవుల్లో హోరు తగ్గాక గాలికి చెరకాకుల గరగర వినిపిస్తుంది. మే, జూన్ నెలల్లో వెళ్తే చెరకు పూతకొచ్చి, తోటల మీద వెండి కుచ్చులు ఊగుతుంటాయి. జూన్, జులైల నుంచి ఏడాది చివరిదాకా కోతలు. అప్పుడు నిన్నటిదాకా గోడల్లా ఉన్న దారి పక్కలు ఇవాళ ఖాళీ అయిపోతాయి.

ఆ రాళ్లగుట్టలు ఎవరివి?

చెరకు కొట్టేశాక బయటపడతాయవి. చేలో మధ్యమధ్యన నల్లరాళ్ల గుట్టలు. కొన్ని ఇల్లంత ఎత్తు, కొన్ని మెట్లు మెట్లుగా చక్కగా పేర్చినవి. కొండరాళ్లు కావవి. మనుషులు ఏరి కుప్పపోసినవి. అగ్నిపర్వతం ఎగజిమ్మిన రాళ్లతో నిండిన ఈ నేల చెరకు మొక్కకు దారిచ్చింది ఒక్కొక్క రాయినీ చేత్తో ఎత్తి పక్కన పెట్టినందువల్లే. మొదట బానిసలు, వాళ్ల తర్వాత కూలీలు. బగ్గీలో కూర్చుని పక్కనుంచి దూసుకుపోయేవాళ్లు ఫొటో కూడా తీయని ఈ గుట్టలే ఆ దారిలో చూడదగ్గ అసలు కట్టడాలు.

చెరకును ఈ దీవికి 1639లో డచ్చివాళ్లు జావా నుంచి తెచ్చారు. లేళ్లనూ అదే ఏడు అక్కడినుంచే తెచ్చారు. తర్వాత ఫ్రెంచివాళ్లు, 1810లో ఇంగ్లిషువాళ్లు. 1835లో బానిసత్వం రద్దయింది. తోటల్లో పనికి మనుషులు కావాలి. చూపు మన దేశం మీద పడింది. 1834 నవంబరు 2న 'అట్లాస్' ఓడలో 36 మంది దిగారు. నెలకు అయిదు రూపాయల జీతం, అయిదేళ్ల ఒప్పందం. అప్పటినుంచి 1920 దాకా పోర్ట్ లూయీ రేవులో దిగినవాళ్లు దాదాపు అయిదు లక్షలు. వాళ్లు ఎక్కిన పదహారు రాతిమెట్లు ఆప్రవాసీ ఘాట్‌లో ఇప్పటికీ ఉన్నాయి. 2006లో యునెస్కో ఆ చోటును ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఆ అయిదు లక్షల్లో మనవాళ్లూ ఉన్నారు. కాకినాడ పక్కన కోరంగి తెలుసు కదా. ఇవాళ మడ అడవులు చూడటానికి పడవెక్కే ఆ ఊరు ఒకప్పుడు పెద్ద రేవు. 1830ల్లోనే అక్కడినుంచి తెలుగు కూలీలు మారిషస్ ఓడెక్కారు. అందుకే అక్కడ తెలుగువాళ్లను 'కోరంగీ'లనేవారు. 1839 తుపానుకు కోరంగి నామరూపాల్లేకుండా పోయినా పేరు మాత్రం సముద్రం దాటి నిలిచింది. ఆ తర్వాతా గోదావరి, విశాఖపట్నం, గంజాం వైపు నుంచి వలసలు సాగాయి. సింహాద్రి అప్పన్న పూజలు, అమ్మోరు పండుగ ఆ దీవికి చేరింది అలాగే. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. బడుల్లో తెలుగు చెబుతున్నారు.

బగ్గీ సవారీకి ముందు కాగితం మీద సంతకం గీకేస్తున్నవాళ్లకు తెలియకపోవచ్చు గానీ, ఇదే చెరకు తోటల్లోకి వచ్చినవాళ్లు ఒకప్పుడు చదవలేని కాగితం మీద వేలిముద్ర వేశారు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండ్రోజుల జీతం కోత. 1867 చట్టంతో ఒప్పందం ముగిసిన పాత కూలీ కూడా ఫొటో అంటించిన పత్రం వెంట లేకుండా తోట దాటకూడదు. దొరికితే దేశదిమ్మరి కింద జైలు. అప్పుడు అనుమతి లేకుండా మనిషి నడవలేని తోటల్లోనే ఇవాళ గంట లెక్కన డబ్బు కట్టి చక్కర్లు కొట్టొచ్చు. దారి పక్కన ఏ పెద్ద చెట్టు కిందో నాలుగు రాళ్లు, పసుపు, కుంకుమ, ఎర్రజెండా కనిపిస్తే అది కాళీమాయి గుడి. కూలీలు పెట్టుకున్నదే. అక్కడ బండి నెమ్మదిగా పోనిస్తారు గైడ్లు.

వంశం వెతుక్కునేవాళ్లకు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వచ్చిన కూలీల వివరాలు రాసిన పాత పుస్తకాలు, ఫొటోలు అక్కడ భద్రం.

పంచదార తీపి తగ్గాక

ఇంతకీ చెరకు ఎస్టేట్లకు బగ్గీలతో పనేంటి? సమాధానం యూరప్‌లో ఉంది. 1975 నుంచీ మారిషస్ పంచదారను ఏటా దాదాపు అయిదు లక్షల టన్నులు ప్రపంచ మార్కెట్ కన్నా ఎక్కువ ధరకు యూరప్ కొనేది. ఆ భరోసాతోనే దీవి బతుకు సాగింది. 2006 నుంచి ఆ ధరను 36 శాతం తగ్గించారు. 2009లో పాత ఒప్పందమే ముగిసిపోయింది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో రెండొందల యాభై దాటిన మిల్లులు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. మిగిలినవి చెరకు పిప్పితో కరెంటూ తీస్తున్నాయి. చాలా ఎస్టేట్లు హోటళ్లయ్యాయి, విల్లాలయ్యాయి, పార్కులయ్యాయి. కసేలా పార్కు వెనక ఉన్నది మెదీన్ చెరకు ఎస్టేట్. కోతల్లో బళ్లు నడవటానికి వేసిన మట్టిదారులు ఎలాగూ ఉన్నాయి. వాటి మీదికి పర్యాటకుల బళ్లను తేవడానికి కొత్తగా కొండ తవ్వాల్సిన పనిలేదు.

ఇది మంచిదా చెడ్డదా అంటే ఒక్కమాటలో తేలదు. మారిషస్‌లో చెక్కుచెదరని సహజారణ్యం మిగిలింది రెండు శాతం లోపే. బెల్ ఓంబ్ర్ పైన ఉన్న అడవి 1977 నుంచే యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతంలో భాగం. అలాంటి చోట బగ్గీ దారి తప్పితే ఒక్క చక్రపు గాడి చాలు, వానకు మట్టి కోసుకుపోవడానికి. ఆ మట్టి వాగులోకి, వాగు మడుగులోకి, మడుగు పగడాల మీదికి. పైన చేసిన అల్లరికి కింద సముద్రం జరిమానా కడుతుందన్నమాట. అందుకే దారి దిగొద్దని గైడు గట్టిగా చెబితే విసుక్కోకూడదు. అలా చెప్పే గైడు దొరకడమే అదృష్టం. 'రండి, ఇక్కడ గుండ్రంగా తిప్పుదాం' అని పచ్చిక మీదికి తీసుకుపోయేవాణ్నే అనుమానించాలి.

దారిలో ఒకచోట బండి ఆపి గైడు పొదలోంచి గోళీకాయంత ఎర్రటి పళ్లు కోసిస్తాడు. చైనా జామ. పుల్లపుల్లగా, తియ్యతియ్యగా భలేగా ఉంటాయి. దీవివాళ్లకూ అవంటే ప్రాణం. కాలం వస్తే సంచులు పట్టుకుని కొండలెక్కేస్తారు. కానీ అక్కడి అడవిని మింగేస్తున్నది కూడా ఆ మొక్కే! బయటినుంచి వచ్చి, సందు లేకుండా దట్టంగా అల్లుకుపోయి, అక్కడి సొంత చెట్ల మొలకలకు వెలుగు దక్కనివ్వదు. దాని గింజల్ని పిట్టలు, పందులు, కోతులు మోసుకుపోతాయి. బురద పట్టిన టైర్లకూ ఆ పుణ్యంలో వాటా ఉంటుంది. డచ్చివాళ్లు తెచ్చిన లేళ్లేమో మొలకల్ని మేసేస్తాయి. పళ్లు తినండి, తప్పులేదు. గింజలు మాత్రం అడవిలో ఉమ్మకండి.

అలాగని అంతా పోయిందనుకోనక్కర్లేదు. తల పైకెత్తితే అదృష్టం బాగుంటే మారిషస్ డేగ కనిపించొచ్చు. పావురమంత పిట్ట. 1974లో లోకం మొత్తం మీద తెలిసినవి నాలుగే నాలుగు! గుడ్లు సేకరించి పొదిగించి, పిల్లల్ని పెంచి అడవిలో వదిలి, మళ్లీ వందల్లోకి తెచ్చారు. డోడో అంతరించిన దీవిలో ఇది చిన్న సంగతేం కాదు. ఇంజిను ఆపినప్పుడే కనిపిస్తుంది సుమా.

వెళ్లేముందు...

ముంబయి నుంచి మారిషస్‌కు నేరుగా విమానం ఉంది. ఆరు గంటల పైచిలుకు ప్రయాణం. మన గడియారం కన్నా గంటన్నర వెనక. మే నుంచి నవంబరు దాకా చల్లగా ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి తుపాన్ల కాలం. ఆ రోజుల్లో సవారీలు ఉన్నట్టుండి రద్దవుతుంటాయి. పొద్దున్నే వెళ్తే దుమ్ము తక్కువ, పైగా మధ్యాహ్నం కొండల మీద మబ్బు కమ్మకముందే తీరం కనిపిస్తుంది. ఫోను జేబులో పెట్టుకోవద్దు, జిప్పున్న సంచిలో వేసి కాళ్ల దగ్గర కట్టుకోవాలి. చెప్పులు పనికిరావు, పాత బూట్లు కావాలి.

సవారీ అయ్యాక ఆకలి దంచేస్తుంది. ఎస్టేట్ హోటళ్లలో లేడిమాంసం కూర పెడతారు. అంతదూరం అక్కర్లేదనుకుంటే ఏ ఊరి సెంటర్లో అయినా దాల్‌పూరీ బండి ఉంటుంది. శనగపప్పు పొడి కూరిన పల్చటి రొట్టె, లోపల చిక్కుడుగింజల కూర, టమాటా పచ్చడి, పచ్చిమిర్చి. రెండు తింటే గానీ ఎవరూ బండి దగ్గర్నుంచి కదలరు. రొట్టెలు చుట్టిచ్చే ఆమె బురద బట్టల్ని చూసి నవ్వి, ఎక్కడినుంచొచ్చారో భోజ్‌పురిలో అడిగినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

బట్టల సంగతి మాత్రం ముందే ఆలోచించుకోవాలి. ఆ ఎర్రమట్టి మరక ఓ పట్టాన వదలదు. తెల్లవి అసలే వద్దు. పారేసినా బాధపడని చొక్కా వేసుకోండి. హోటల్‌కు చేరగానే ముందు తోట పంపు దగ్గర కాళ్లు కడుక్కోండి. గదిలో తువ్వాళ్లన్నీ తెల్లవే ఉంటాయి.